అట్ట, అద్దం, గుండుసూది: బంతిని ఎగరేయడం ఇలా

ఫెనకిస్టిస్కోప్ అంటే అద్దం ముందు తిప్పితే బొమ్మలు కదిలినట్టు కనిపించే అట్ట చక్రం. నా మొదటిదానికి బొమ్మలు ముచ్చటగా వేసి రంగులు కూడా దిద్దాను. తీరా అద్దం ముందు తిప్పితే బూడిదరంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. రెండు రోజుల పని! తప్పు బొమ్మల్లో లేదని తర్వాత తెలిసింది. చక్రం అంచున గాట్లుంటాయి, వాటిలోంచే చూడాలి; వెడల్పుగా ఉంటే బాగా కనబడుతుందనుకుని ఒక్కో గాటూ సెంటీమీటరు వెడల్పున కోసేశాను. అందుకే ఇక్కడ గాట్ల గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

పేరు నోరు తిరగదు కానీ వస్తువు చాలా సులువైనది. 1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో, వియన్నాలో సైమన్ స్టాంఫర్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దాదాపు ఒకేసారి దీన్ని తయారుచేశారు. అంచున గాట్లున్న గుండ్రటి అట్ట, దాని మీద వరసగా బొమ్మలు, ఎదురుగా అద్దం. అంతే.

దళసరి అట్ట మీద 12 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి కోయండి. పలచటిదైతే తిప్పగానే అంచులు ఊగిపోతాయి. కోణమానినితో 30 డిగ్రీలకొక గీత గీస్తే 12 గీతలొస్తాయి. ప్రతి గీత మీదా అంచు నుంచి లోపలికి 2.5 సెం.మీ. పొడవున గాటు పెట్టాలి. వెడల్పు 3 మి.మీ. దాటనివ్వకండి. ఈ పని కత్తెరతో కాదు. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో నెమ్మదిగా రెండు మూడుసార్లు గీస్తే అట్ట శుభ్రంగా తెగుతుంది.

ఇంత సన్నగా ఎందుకంటే, చక్రం తిరుగుతుంటే గాటు కంటి ముందుకొచ్చిన ఆ రెప్పపాటే బొమ్మ కనిపిస్తుంది. వెంటనే అట్ట అడ్డొస్తుంది. మళ్ళీ గాటు వచ్చేసరికి ఆ చోట తర్వాతి బొమ్మ ఉంటుంది. మధ్యలో అడ్డొచ్చే ఆ చీకటి లేకపోతే కదలిక లేదు, అలికేసిన రంగే మిగులుతుంది. గాటు వెడల్పైతే కనిపించే ఆ కాస్త సేపట్లోనే బొమ్మ పక్కకి జరిగిపోతుంది. మరీ సన్నమైతే వెలుతురు చాలదు. నాకైతే 3 మి.మీ. సరిగ్గా కుదిరింది.

ఇంకో సంగతి. అట్టకి బొమ్మల్లేని పక్కన, అంటే మీ కంటివైపున, నల్లరంగు పుయ్యాలి. తెల్లగా వదిలేస్తే దాని మెరుపు కళ్ళలో కొట్టి అద్దంలోది కనబడదు.

ఇక బొమ్మలు. మొదటిసారే నడిచే మనిషిని వెయ్యకండి. అద్దం కుడిఎడమలు మారుస్తుంది, చక్రం రెండో వైపుకి తిప్పితే మనిషి వెనక్కి నడుస్తాడు, ఇదంతా టెన్షన్. బంతికి ఈ బాధలేవీ లేవు. కేంద్రం నుంచి 4.5 సెం.మీ. దూరంలో ఇంకో వృత్తం గీయండి, అదే నేల. బయటి అంచువైపు పైకి అన్నమాట. గాట్ల మధ్య ఖాళీల్లో ఒక్కో బంతి, 8 మి.మీ. సైజులో. నేల నుంచి బంతి అడుగుకి ఉండాల్సిన ఎత్తులు వరసగా 0, 11, 20, 27, 32, 35, 36, ఆపైన 35, 32, 27, 20, 11 మి.మీ. సమానంగా పెంచుకుంటూ పోతే అది బంతిలా ఎగరదు, లిఫ్టులా ఎక్కి దిగుతుంది. నిజం బంతి పైన నెమ్మదిస్తుంది, కింద వేగం అందుకుంటుంది. నేల తాకే చోట కాస్త నొక్కినట్టు అడ్డంగా గీస్తే ఇంకా బాగుంటుంది.

మధ్యలో గుండుసూది గుచ్చి పెన్సిల్ వెనకున్న రబ్బరులోకి దింపండి. అట్టకీ రబ్బరుకీ మధ్య ఒక పూస వేస్తే సాఫీగా తిరుగుతుంది. బొమ్మల మీద బాగా వెలుతురు పడేలా అద్దానికి ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి గాట్లలోంచి చూస్తూ తిప్పండి. సెకనుకి ఒక చుట్టు చాలు.

దీంతో చిక్కేమిటంటే ఒకసారికి ఒక్కరే చూడగలరు. 1834లో విలియం జార్జ్ హార్నర్ గాట్లని గుండ్రటి డబ్బా గోడకి మార్చాడు, చుట్టూ నలుగురు నిలబడి చూడొచ్చు. అదే తర్వాత జోట్రోప్ అయింది. ఫ్రాన్స్‌లో ఎమిల్ రెనో 1877లో గాట్లే తీసేసి డబ్బా మధ్యలో అద్దాలు పెట్టాడు, దాంతో వెలుతురు సమస్య పోయింది. 1892 నాటికి ఆయన పారిస్‌లో చేత్తో వేసిన బొమ్మల పట్టీల్ని తెరమీదే ఆడించాడు. ప్లాటో మాత్రం 1843 నాటికే పూర్తిగా చూపు పోగొట్టుకుని, ఆ తర్వాతి ప్రయోగాలు ఇంట్లోవాళ్ళ, సహచరుల కళ్ళతోనే సాగించాడు.

బంతి ఎగిరాక ఒక తమాషా చేసి చూడండి. 9 సెం.మీ. వ్యాసార్ధమున్న కాగితం చక్రం మీద ఒకేలాంటి బంతులు 13 గీసి, అదే అట్టకి సూదితో గుచ్చండి. గాట్లు 12, బంతులు 13. తిప్పితే బంతులు చక్రం తిరిగే వైపే మెల్లగా దొర్లుకుంటూ పోతాయి. 11 గీస్తే ఎదురు దిక్కుకి పోతాయి. కోణమానినితో 13 భాగాలు చెయ్యడం చిరాకే, ఒక్కోటి 27.7 డిగ్రీలు. నేను కంటి అంచనాతోనే గీశాను, కాస్త వణికాయి కానీ దొర్లాయి.