నది గట్టున, సరస్సు ఒడ్డున, స్నేహితుల వాకిట్లో: క్యాంపర్ సమస్యలు - పరిష్కారాలు

పడకా వంటిల్లూ ఉన్న ప్రయాణపు బండే క్యాంపర్. ఇలాంటి బళ్ళు నిలిపే పార్కు ఒక్కదానిలోనే వారం పాటు కదలకుండా ఉండే క్యాంపర్‌కి ఇబ్బందులు తక్కువ. నది ఒడ్డు నుంచి సరస్సు ఒడ్డుకి, మధ్యలో స్నేహితుల ఇళ్ళకి తిరిగే బండికే తలనొప్పులన్నీ. రెండు రోజులకోసారి నేల మారుతుంది, వాలు మారుతుంది, కరెంటు తీసుకునే సాకెట్ మారుతుంది. అందుకే ఏదైనా మొరాయించగానే మెకానిక్ కోసం వెతక్కండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూసుకోండి. సగం సమస్యలకి కారణం అక్కడే దొరుకుతుంది.

నిన్నటిదాకా బాగున్న ఫ్రిజ్ ఇక్కడికొచ్చాక చల్లబడటం లేదు

గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ అయితే ముందు వాలుని అనుమానించండి. ఇందులో కంప్రెసర్ ఉండదు. అమ్మోనియా కలిసిన ద్రవం వేడికి పైకి లేచి, చల్లబడి, తన బరువుతోనే కిందికి జారుతూ గొట్టాల్లో తిరుగుతుంటుంది. బండి ఒరిగి ఉంటే ఆ ద్రవం మధ్యలో నిలిచిపోతుంది. అలాగే ఎక్కువసేపు నడిపిస్తే ఫ్రిజ్ శాశ్వతంగా పాడైపోవచ్చు.

రసమట్టాన్ని ఫ్రిజ్ లోపలి అర మీద పెట్టి చూడండి. బుడగ మధ్యకి రావాలి. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద ర్యాంపు వేయండి. ట్రైలర్ అయితే వరస ముఖ్యం: ముందు కుడి ఎడమల మట్టం, తర్వాత చక్రాలకి అడ్డుదిమ్మలు, ఆ తర్వాతే కారు నుంచి విడదీయడం, చివర్లో ముందు జాకీతో ముందూవెనకల మట్టం. అడ్డుదిమ్మలు పెట్టకుండా వాలు మీద ట్రైలర్ విప్పితే అది నేరుగా నీళ్ళలోకే వెళ్తుంది.

కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌కి కాస్త వాలు లెక్క కాదు. అది ఆగిందంటే బ్యాటరీ వోల్టేజ్ చూడండి.

పొద్దున లేచేసరికి అద్దాల నిండా నీళ్ళు, పరుపు అడుగున తడి

చాలామంది కప్పు కారుతోందని టెన్షన్ పడతారు. ఎక్కువసార్లు ఆ నీళ్ళు మనవే. ఇద్దరు పడుకుంటే ఊపిరి, చెమట ద్వారా రాత్రికి దాదాపు అర లీటరు నీరు గాల్లోకి పోతుంది. లోపల స్టవ్ వెలిగించారా, ఇంకా ఎక్కువ: 1 కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. ఒడ్డున గాలి ఎలాగూ చెమ్మగా ఉంటుంది. చలేస్తోందని కిటికీలు, వెంట్లు అన్నీ బిగించి పడుకుంటే ఆ ఆవిరికి దారి లేక చల్లటి అద్దాల మీద, గోడల మీద, పరుపు కింది చెక్క మీద నీరుగా పేరుకుంటుంది.

వినడానికి విచిత్రంగా ఉన్నా విరుగుడు చలి రాత్రి కూడా గాలి ఆడనివ్వడమే. పైకప్పు వెంట్ రెండు వేళ్ళ మందం, ఎదురు వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. హీటర్ సన్నగా నడుస్తున్నా సరే, వెంట్ మాత్రం మూయకండి. ఈతకి వెళ్ళొచ్చిన తడి తువ్వాళ్ళు లోపల ఆరేయకండి. పరుపు కింద గాలి ఆడేలా చెక్క బద్దలు ఉంటే మంచిది, లేకపోతే రోజూ పొద్దున పరుపుని నిలబెట్టండి. తేమ పీల్చే డబ్బాలు అల్మారాకి పనికొస్తాయేమో గానీ బండి మొత్తానికి చాలవు.

నిజంగా కారుతోందా అన్నది తేల్చుకోవడం తేలికే. ఊపిరి చెమ్మ అన్ని అద్దాల మీదా సమానంగా ఉంటుంది, వాన లేని రోజు కూడా వస్తుంది. కప్పు కారితే ఆ తడి వాన పడినప్పుడే, ఎప్పుడూ ఒకే మూలలో కనిపిస్తుంది. ఆ మూల గోడని బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి దిగితే లోపలి చెక్క కుళ్ళడం మొదలైందన్నమాట. పైన సీలెంట్ పూసి ఊరుకుంటే సరిపోదు, తడి చెక్కని ఆరబెట్టాలి లేదా మార్చాలి.

లేవగానే తలనొప్పి, వికారం, బయటికొస్తే తగ్గిపోతోంది

దీన్ని ప్రయాణ బడలిక కింద కొట్టిపారేయకండి. ఇది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పని కావచ్చు, దానికి రంగు, వాసన ఉండవు. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి ఉంచినా, బొగ్గుల కుంపటి లోపల పెట్టినా, పక్క బండి జనరేటర్ పొగ మీ కిటికీ వైపు వస్తున్నా ఇదే జరుగుతుంది. ఇంటి గోడకి ఆనించి బండి నిలిపినప్పుడు పొగ ఆ సందులోనే తిరుగుతుంది. అందరినీ వెంటనే బయటికి తీసుకురండి, మంటలన్నీ ఆర్పేయండి, లక్షణాలు తగ్గినట్టనిపించినా ఆసుపత్రికి వెళ్ళండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని క్యాంపర్‌లో పడుకోకూడదు, అంతే. ఉన్న అలారానికి గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి.

స్నేహితుల ఇంటి ప్లగ్‌లో పెట్టగానే బ్రేకర్ పడిపోతోంది

పార్కులో ఏసీ, హీటర్, కెటిల్ అన్నీ కలిపి నడిపిన అలవాటుతో ఇంటి సాకెట్ దగ్గర దెబ్బతింటాం. క్యాంపర్ కోసం వేసిన లైను మోసే భారం వేరు, గ్యారేజీలో గోడకున్న సాకెట్ మోసేది వేరు. పైగా ఆ లైను మీదే వాళ్ళ వాషింగ్ మెషీన్ కూడా ఉండొచ్చు.

ప్లగ్ పెట్టే ముందే క్యాంపర్ లోపలి బ్రేకర్లన్నీ కిందికి దించండి. ప్లగ్ పెట్టాక ఒక్కొక్కటే పైకి లేపండి. ఏది లేపినప్పుడు పడిపోతుందో తప్పు అక్కడ. ఎక్కువగా దొరికేది వాటర్ హీటర్ కాయిల్, లేదా మంచుకి తడిసిన బయటి ప్లగ్. ఏదీ లేపకుండానే పడిపోతుంటే వైరులోనే లీకేజీ ఉంది. విడిగా ఏదీ తప్పు లేకుండా అన్నీ కలిసినప్పుడే పడిపోతుంటే అది భారం ఎక్కువై పడేది. హీటర్‌నీ ఫ్రిజ్‌నీ గ్యాస్ మీదికి మార్చి, బ్యాటరీ చార్జర్‌కీ లైట్లకీ మాత్రమే కరెంటు వాడుకోండి.

ఎక్స్‌టెన్షన్ వైరు సంగతి. దీపానికి వాడే సన్నటి వైరు, అదీ పొడుగ్గా ఉంటే, వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది. ఏసీ మూలుగుతుంది, ప్లగ్ వేడెక్కుతుంది. బాగా మందపాటి వైరు తీసుకోండి. 25 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మామూలుగా వాడేది. రీలు మీద చుట్టి ఉన్న వైరుని పూర్తిగా విప్పి పరచండి, చుట్టలోనే ఉంచి భారం వేస్తే వేడికి పైతొడుగు కరుగుతుంది. అరగంట తర్వాత ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి ఆనకపోతే వెంటనే ఆపేయండి.

బ్యాటరీ నిండుగా ఉందని చూపిస్తూనే రాత్రికల్లా చచ్చిపోతోంది

ఒడ్డున చెట్ల నీడ హాయిగానే ఉంటుంది, సోలార్ ప్యానెల్‌కి మాత్రం ఆ నీడే శత్రువు. ప్యానెల్‌లో ఒక మూల మీద కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. ఇక మీటరు: లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలు వాడకుండా ఉంచి చూస్తే 12.7 వోల్టులు నిండుకి, 12.1 సుమారు సగానికి గుర్తు. చార్జర్ తీసిన మరుక్షణం కనిపించే అంకెని నమ్మకండి. లిథియం బ్యాటరీలో వోల్టేజ్ చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి దానికి కరెంటు ఎంత లోపలికి పోయిందీ ఎంత బయటికొచ్చిందీ లెక్కేసే మీటరే కావాలి. సున్నా డిగ్రీల కంటే చలిగా ఉంటే దాన్ని చార్జ్ చేయకూడదు, సెల్స్ దెబ్బతింటాయి.

చలికే గ్యాస్ మంట కూడా మందగించిందా? సిలిండర్‌లో బ్యూటేన్ ఎక్కువున్నట్టు. బ్యూటేన్ సుమారు సున్నా దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ -42 డిగ్రీల దాకా అవుతుంది.

కొళాయి నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన, టాయిలెట్ ఇంకో వాసన

వేడి నీళ్ళే వాసనొస్తుంటే వాటర్ హీటర్‌లో బ్యాక్టీరియా చేరినట్టు. చల్లారాక దాన్ని ఖాళీ చేసి కడగండి. చల్లటి నీళ్ళు కూడా వాసనొస్తే ట్యాంకు శుభ్రం చేయాలి: సువాసనలు కలపని మామూలు బ్లీచ్ లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, అన్ని కొళాయిల్లోకీ రానిచ్చి, కొన్ని గంటలుంచి, వాసన పోయేదాకా మంచి నీళ్ళతో కడగండి. సరస్సు నీళ్ళతో ట్యాంకు నింపకండి. పచ్చటి నాచు తేలే నీళ్ళలో విషాలుంటే కాచినా పోవు. కుక్కని కూడా అక్కడ దిగనివ్వకండి.

టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరిచే ఉంచితే నీరు పోయి గట్టిది మిగిలి గడ్డకడుతుంది. మూసి ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక వదలండి. స్నేహితుల వాకిట్లోని వాన కాలువలోకి మాత్రం ఎన్నటికీ వద్దు. అది తిన్నగా రేపు మీరు ఈదబోయే నీళ్ళలోకే చేరుతుంది.

చక్రాలు దిగబడ్డాయి

యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకి పోతాయి. చక్రాల ముందు మట్టి తవ్వి, ర్యాంపో రబ్బరు పట్టానో దూర్చి, టైర్లలో గాలి కొంత తగ్గించి నెమ్మదిగా కదపండి. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టించాలి. అసలు ఇంజిను తిప్పే చక్రాలు గట్టినేల వైపు ఉండేలా నిలిపితే ఈ అవస్థ చాలావరకు ఉండదు.

నది నీళ్ళు బురదరంగుకి మారి, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నాయి

పైన ఎక్కడో పెద్ద వాన. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా బయల్దేరండి. టెంటు, కుర్చీలు వదిలేసినా నష్టం లేదు. 30 సెంటీమీటర్ల లోతు ప్రవాహం చిన్న కార్లని ఈడ్చుకుపోగలదు, 60 ఉంటే పెద్ద బళ్ళని కూడా. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే దాటకండి.

ప్రతిసారీ పార్కుకి చీకటి పడ్డాకే చేరుతున్నాం

ఇది బండి లోపం కాదు, "ఇంకో గంట ఉండండి" అనే స్నేహితుల ప్రేమ. కాదనలేం. చీకట్లో మట్టం సరిచేయడం, మెత్తటి నేల గుర్తుపట్టడం కష్టం, పైన చెప్పినవాటిలో సగం అలాగే మొదలవుతాయి. బయల్దేరే పనులన్నీ, ట్యాంకు నింపడం, వైర్లు చుట్టడం, టైరు గాలి చూడటం, ముందురోజు సాయంత్రమే ముగించండి. వచ్చిన రోజే బయల్దేరే టైము చెప్పేయండి, వాళ్ళూ దాన్నిబట్టే ఏర్పాట్లు చేసుకుంటారు. రెండు ఇళ్ళ మధ్య ఎవరికీ మాటివ్వని ఒక రాత్రి ఉంచుకుంటే ఆలస్యమైనా బుకింగ్ పోదు.