జీతం లేని ఇంటర్న్‌షిప్, వాలంటీరు పని: ఎలా ఎంచుకోవాలి, ఎలా అడగాలి?

డబ్బు రాని పనికి ఎందుకు వెళ్లాలని ఇంట్లో అడుగుతారు. వెళ్లకపోతే అనుభవం ఏదని ఉద్యోగమిచ్చేవాళ్లు అడుగుతారు. ఈ రెండింటి మధ్య నలిగి, ఎవరో ఒకరు రమ్మంటే చాలనుకుని ఒప్పేసుకునే విద్యార్థులు చాలామంది. డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో నేనూ అలాగే ఒప్పుకున్నాను. రెండు నెలలు రోజూ ఒక ఆఫీసుకి వెళ్లి, ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్న పేర్లను ఇంకో షీట్‌లోకి ఎక్కించాను. చివర్లో సర్టిఫికెట్ చేతికిచ్చారు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో "అక్కడ ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే నోట మాట రాలేదు.

అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా ముందు ఒకటే అడుగుతాను: పని అయిపోయాక నీ చేతిలో ఏం మిగులుతుంది? కింద చెప్పే పద్ధతి అంతా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికే.

1. ముందు గంటలు లెక్కపెట్టుకోండి

జీతం లేదంటే ఖర్చు కూడా లేదని కాదు. "వారానికి 12 గంటలే" అంటారు. రోజుకి 3 గంటల చొప్పున 4 రోజులు అనుకుందాం. రానూపోనూ రోజుకి గంటన్నర పడితే వారానికి ఇంకో 6 గంటలు. మొత్తం 18. పది వారాలకి 180 గంటలు. ఈ అంకెను కాగితం మీద పెట్టి, పక్కన చార్జీలు రాయండి. ఆ పది వారాల్లో వచ్చే పరీక్షల తేదీలు, ప్రాజెక్టు గడువులు దాని కింద రాయండి. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదివేవాళ్లైతే ఆ గంటల్లో వచ్చే సంపాదన కూడా పోయినట్టే.

జీతం లేకుండా పనిచేసే స్తోమత అందరికీ ఉండదు. 2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన డేవిడ్ హైడ్ అనే న్యూజిలాండ్ యువకుడు టెంట్‌లో ఉంటున్నాడన్న సంగతి ప్రపంచమంతా వార్త అయింది. ఈ సమస్య మీద జనం దృష్టి పడాలనే అలా చేశానని తర్వాత అతనే చెప్పాడు. అమెరికా అధ్యక్ష భవనమైన వైట్‌హౌస్ కూడా తన ఇంటర్న్‌లకి డబ్బులివ్వడం 2022లో గానీ మొదలుపెట్టలేదు. కాబట్టి లెక్క కుదరకపోతే వద్దనడంలో తప్పేమీ లేదు. వారానికి రెండు గంటలు ఇంటి నుంచే చేసే పని వెతుక్కోవచ్చు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకైతే 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి, కోడ్ రాసే కార్యక్రమం) లాంటివి ఉన్నాయి. వాటిలో పనికి స్టైపెండ్ కూడా ఇస్తారు. ఉచితంగా చేసే ముందు డబ్బులిచ్చే దారి ఉందేమో చూసుకోవడం మీ హక్కు.

2. అది ఏ రకం పనో తేల్చుకోండి

వాలంటీరు పనిలో మన శ్రమ అవసరంలో ఉన్న మనుషులకో, సమాజానికో అందుతుంది. ఇంటర్న్‌షిప్‌లో ప్రధానంగా మనం నేర్చుకుంటాం. ఈ రెండూ మంచివే. మూడో రకం ఒకటుంది, జాగ్రత్త పడాల్సింది దానితోనే. లాభం కోసం నడిచే సంస్థ, జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఇంటర్న్ అన్న పేరు పెట్టి ఉచితంగా చేయించుకుంటుంది.

దీని మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. ఒక హాలీవుడ్ సినిమాకి జీతం లేకుండా పనిచేసిన ఇద్దరు ఇంటర్న్‌లు 2011లో నిర్మాణ సంస్థ మీద దావా వేశారు. కాఫీలు తేవడం, కాగితాలు ఫైల్ చేయడం లాంటి పనులు చేయించుకున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ కేసులో 2015లో అప్పీలు కోర్టు ఒక కొలబద్ద పెట్టింది: ఈ ఏర్పాటు వల్ల ఎక్కువ లాభం ఎవరికి, ఇంటర్న్‌కా, సంస్థకా? 2018లో అమెరికా కార్మిక శాఖ కూడా అదే కొలబద్దను తీసుకుంది. ఫ్రాన్స్‌లో ఇంటర్న్‌షిప్ రెండు నెలలు దాటితే విద్యార్థికి భత్యం ఇచ్చి తీరాలి. బ్రిటన్‌లో కోర్సులో భాగంగా ఏడాదికి మించకుండా ఒక సంస్థలో చేసే శిక్షణ పనికి (అక్కడ ప్లేస్‌మెంట్ అంటారు) కనీస వేతనం వర్తించదు. అంటే దేశాన్ని బట్టి రూలు మారుతుంది. మీరున్న చోట చట్టం ఏమంటుందో మీ యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

చట్టం సంగతి అలా ఉంచితే, నేను వాడే పరీక్ష ఇది. రేపటి నుంచి మీరు మానేస్తే, ఆ పనికి వాళ్లు జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తుందా? అవునంటే మీరు చేస్తున్నది ఉద్యోగమే. అప్పుడు జీతం గురించి అడగాలి.

3. దగ్గరి నుంచి వెతకడం మొదలుపెట్టండి

చాలామంది నేరుగా జాబ్ సైట్లు తెరుస్తారు. దానికన్నా ముందు మీకు పాఠం చెప్పే మాస్టార్లనీ మేడమ్‌లనీ అడగండి. వాళ్ల పరిశోధనలో డేటా శుభ్రం చేయడానికో, పాత పత్రాలు వరుసలో పెట్టడానికో మనిషి కావాల్సి ఉంటుంది, కానీ ప్రకటన వేసేంత తీరిక ఉండదు. సీనియర్లు ఎక్కడ చేశారో అడగండి. గ్రంథాలయాలు, మ్యూజియంలు, ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు, అంధ విద్యార్థులకి పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌లను వెతికే సంస్థలు, ఇవన్నీ చూడదగ్గవే.

ఇల్లు కదలకుండా చేసేవీ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 2000 నుంచి ఆన్‌లైన్ వాలంటీరు పనులు ఇస్తోంది. లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల వెబ్‌సైట్‌లో 2005 నుంచి కాపీరైట్ లేని పుస్తకాలను వాలంటీర్లు చదివి రికార్డు చేస్తున్నారు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూస్తూ, ఎవరైనా కలిసి గీయగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అక్కడి వీధులు గీశారు. సహాయక బృందాలు ఆ మ్యాప్‌లనే వాడుకున్నాయి. సైన్సు ఇష్టమైనవాళ్లకి, పరిశోధనలో మామూలు జనం సాయపడే జూనివర్స్ అనే వెబ్‌సైట్ ఉంది. అది 2007లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టుతో మొదలైంది. గెలాక్సీల ఫొటోలు చూసి ఏది ఏ ఆకారమో చెప్పడమే అక్కడి పని. హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచర్ అలా చూస్తూ ఒక ఫొటోలో వింత మరక లాంటిది గమనించి "ఇదేంటి?" అని అడిగారు. ఖగోళ శాస్త్రవేత్తలకి కూడా అంతకుముందు తెలియని వస్తువు అది. ఇప్పుడు దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

పిల్లలున్న అనాథాశ్రమాల్లో వారం, రెండు వారాలు ఉండి వచ్చే "వాలంటీరు టూర్ల" జోలికి మాత్రం పోకండి. అలవాటైన మనిషి మాటిమాటికీ మాయమవుతుంటే ఆ పిల్లల మనసు దెబ్బతింటుంది.

4. చిన్న మెయిల్ రాయండి

"ఏ పనైనా చేస్తాను సార్" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఏ పని ఇవ్వాలో ఆలోచించే భారం చదివేవాళ్ల మీద పడుతుంది. ఆ భారం మీరే తీసుకోండి. ఇలా రాయొచ్చు:

"మేడమ్ గారికి నమస్కారం. నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ సంస్థ చేసిన తాగునీటి సర్వే రిపోర్టు చదివాను. అందులో వార్డుల వారీ వివరాలు పట్టికల్లోనే ఉన్నాయి. వాటిని గ్రాఫులుగా మార్చగలను. ఒక పట్టికకి నమూనాగా గ్రాఫ్ గీసి జత చేశాను. జూన్, జులై నెలల్లో వారానికి 8 గంటలు ఇవ్వగలను. మీ టీమ్‌లో ఒకరి దగ్గర పని నేర్చుకునే వీలుంటుందా? పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తే వివరంగా చెప్తాను."

అంతే. ఎవరు, ఏం చదివారు, ఏం చేయగలరు, ఎన్ని గంటలు, ఏం కావాలి. ఆ జత చేసిన ఒక్క గ్రాఫ్ మీ మార్కుల జాబితా కన్నా ఎక్కువ పనిచేస్తుంది. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. రెండోసారి కూడా రాకపోతే వదిలేసి ఇంకొకరికి రాయండి. పది మెయిల్స్‌కి ఒక్క జవాబు వచ్చినా నిరాశపడకండి, అది మామూలే.

5. రమ్మన్నాక, ఒప్పుకునే ముందు అడగాల్సినవి

చాలామందికి టెన్షన్ పుట్టేది ఇక్కడే. అడిగితే అవకాశం పోతుందేమోనని భయం. నా అనుభవంలో, పని నేర్పే ఉద్దేశం ఉన్నవాళ్లు ఈ ప్రశ్నలకి సంతోషంగా జవాబు చెప్తారు. విసుక్కుంటే అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

నాకు పని చెప్పేది, చేసింది చూసేది ఎవరు? వారానికోసారైనా వాళ్లు నాతో కూర్చుంటారా? మొదటి రెండు వారాలు ఏం చేయాలి? ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? చార్జీలు ఇస్తారా? పరీక్షల వారం సెలవు ఉంటుందా? నేను చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనుల నమూనాల ఫైలులో) చూపించుకోవచ్చా? ఈ చివరిది తప్పకుండా అడగండి. రహస్య సమాచారం మీద పనిచేస్తే తర్వాత ఎవరికీ చూపించుకోలేరు. ఆసుపత్రుల్లో, ఊళ్లు తిరిగే పనుల్లో అయితే దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో, ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా అడగాలి.

ఫోన్లో చెప్పినవన్నీ మీరే ఒక మెయిల్‌లో రాసి "మనం అనుకున్నవి ఇవే కదండీ?" అని పంపండి. వాళ్లు "అవును" అని తిరిగి రాస్తే లిఖితపూర్వకంగా ఉన్నట్టే. ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి ఫీజు కట్టమన్నా, డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమన్నా, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని బాండ్ రాయమన్నా అక్కడితో ఆపేయండి. కోర్సులో క్రెడిట్లు కావాలంటే చేరకముందే డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకోండి, అయిపోయాక ఇవ్వమంటే చాలాచోట్ల ఒప్పుకోరు.

6. రోజుకి మూడు లైన్లు రాయండి

నేను ఆ రెండు నెలల్లో చేయనిది ఇదే. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇంటికి బయల్దేరే ముందు మూడు లైన్లు రాయండి. ఏం చేశాను, ఎక్కడ ఆగిపోయాను, ఎవరు ఏం చెప్పారు. ఉదాహరణకి:

"జూన్ 12. 140 ఫారాల్లో వయసు గడి సరిచూశాను. 9 ఫారాల్లో వయసు బదులు పుట్టిన సంవత్సరం రాశారు. ఫారంలోనే 'సంవత్సరాల్లో' అని ముద్రిస్తే ఈ తప్పు రాదని చెప్పాను, మేడమ్ సరేనన్నారు."

రేపు ఇంటర్వ్యూలో చెప్పేది ఈ మూడు లైన్లే. నా ఎక్సెల్ షీట్లలో కూడా ఇలాంటివి దొరికే ఉంటాయి, రాసుకోలేదు కాబట్టి గుర్తులేవు.

మూడు వారాలైనా అదే పని పదేపదే చేయిస్తుంటే ఆ నోట్‌బుక్ తీసుకుని వెళ్లి కూర్చోండి. "ఇది వచ్చేసిందండీ, తర్వాతి మెట్టు నేర్పిస్తారా?" అని అడగండి. ఇంకో రెండు వారాలు చూసి, అప్పటికీ మారకపోతే బయటికి వచ్చేయొచ్చు. వారం ముందు చెప్పండి, చేతిలో ఉన్న పని ఎక్కడి దాకా వచ్చిందో ఒక పేజీ రాసి అప్పగించండి. చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు. ముఖ్యంగా వాలంటీరు పనిలో మీకోసం ఒక పిల్లవాడో, ఒక పెద్దాయనో ఎదురుచూస్తూ ఉంటారు.

7. చివరి వారంలోనే ఉత్తరం అడగండి

సిఫార్సు ఉత్తరం ఆరు నెలల తర్వాత అడిగితే మీ ముఖం గుర్తున్నా పని గుర్తుండదు. ఆఖరి వారంలో, మీకు పని నేర్పినవాళ్ల దగ్గరికే వెళ్లి అడగండి. పై అధికారి సంతకం కన్నా మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్ల నాలుగు మాటలు విలువైనవి. అడిగేటప్పుడు మీ నోట్‌బుక్‌లోంచి మూడు నాలుగు రోజుల లైన్లు టైప్ చేసి ఇవ్వండి. వాళ్లకి రాయడం తేలికవుతుంది, ఉత్తరంలో "చురుకైన విద్యార్థి" అన్న ఒక్క మాట బదులు ఆ 9 ఫారాల సంగతి ఉంటుంది.