స్కీయింగ్ నేర్చుకుందాం – 3: ముందు ఆగడం, తర్వాతే జారడం

కిందటి పాఠం బూట్ల దగ్గర ఆపాం. సాక్స్ ఒక్క జతే వేసుకోవాలని, రెండు జతలు కుక్కితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయని చెప్పుకున్నాం. బకిల్స్ బిగించి మోకాళ్లు ముందుకు వంచినప్పుడు కాలి వేళ్లు బూటు ముందు గోడని వదిలి కొద్దిగా వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు. ఈ పరీక్ష చేయనివాళ్లు దయచేసి అది చేసి రండి. బూటు వదులుగా ఉంటే కింద రాసినవేవీ పనిచేయవు.

పాఠాలన్నీ కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, నేను పడి లేచి నేర్చుకున్నది అక్కడే కాబట్టి. హోటల్ కిటికీ పరదా తీస్తే ఎదురుగా కనిపించే తెల్లటి మైదానం వేసవిలో గోల్ఫ్ కోర్సు. జనవరిలో అదే మన బడి. 1927లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ స్కీ క్లబ్ పెట్టుకున్నారు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్‌లో (జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెం) 45వ స్థానంలో నిలిచిన మన దేశపు స్కీయర్ ఆరిఫ్ ఖాన్ కూడా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల వాలుల మీదే మొదలుపెట్టాడు. అతను మొదలుపెట్టింది నాలుగేళ్లకి. నేను నలభై దాటాక. మీరు ఏ వయసులో ఉన్నా ధైర్యంగా రండి.

ఇవాళ్టి పాఠం ఆగడం. జారడం ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ పని భూమి చూసుకుంటుంది.

వాలుదారి

మంచు మీద నిలబడి ఒక చెంబు నీళ్లు ఒలకబోశారనుకోండి. ఆ నీళ్లు ఏ దారిన కిందికి పోతాయో, దాన్ని మనం వాలుదారి అందాం. ఈ మాట ఇకముందు ప్రతి పాఠంలో వస్తుంది. స్కీలు వాలుదారికి అడ్డంగా ఉంటే మీరు నిలబడతారు, దానివైపు తిరిగితే కదులుతారు. అందుకే స్కీలు తొడుక్కునేటప్పుడు ఎప్పుడూ వాలుదారికి అడ్డంగానే పెట్టుకోవాలి. ముందు కిందివైపు స్కీ, తర్వాత పైవైపుది. బూటు అడుగున అంటుకున్న మంచు గీకేసి, వేళ్ల వైపు ముందు దూర్చి, మడమతో గట్టిగా తొక్కండి. టక్‌మని శబ్దం రావాలి. రాలేదంటే బూటు కింద మంచుగడ్డ ఇంకా ఉన్నట్టే.

ఆ టక్ అనే బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు గురించి ఒక్క మాట. పడినప్పుడు కాలు విరగకుండా అది తనంతట తాను వదలాలి. ఎంత బలానికి వదలాలన్నది మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ అనుభవాన్ని బట్టి సెట్ చేస్తారు. అద్దె కొట్లో బరువు అడిగితే నిజం చెప్పండి. పెళ్లిచూపుల్లో చెప్పే బరువు ఇక్కడ పనికిరాదు. కొట్టువాడు స్క్రూడ్రైవర్ తీసి రెండు స్కీలకీ ముందూ వెనకా తిప్పి చూశాడా లేదా గమనించండి. చూడకపోతే అడగండి, మొహమాటం వద్దు.

ముందు ఇంట్లో, గచ్చు మీద

ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచే ఇది మొదలుపెట్టొచ్చు. నున్నటి సాక్స్ వేసుకుని గ్రానైట్ గచ్చు మీద నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా, సమాంతరంగా. మోకాళ్లూ చీలమండలూ కొద్దిగా మడవండి. ఇప్పుడు బొటనవేళ్లున్న చోటు కదలకుండా రెండు మడమల్నీ ఒకేసారి బయటికి నెట్టండి. పైనుంచి చూసుకుంటే మీ పాదాలు పెంకుటింటి కప్పులా కనిపించాలి, కొప్పు ముందువైపు. మళ్లీ మడమలు లోపలికి లాక్కోండి. రోజూ పొద్దున ఇరవై సార్లు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మంచు మీద చేసేది ఇదే. ఇంగ్లిష్‌లో స్నోప్లౌ అంటారు, పిల్లలకి పిజ్జా ముక్క అని చెప్తారు. స్కీ ముక్కులు రెండూ దగ్గరగా, తోకలు దూరంగా. ఆ ఆకారంలో రెండు స్కీల లోపలి ఉక్కు అంచులూ మంచుని గీరుతూ బ్రేకులా పనిచేస్తాయి. తోకలు ఎంత దూరం నెడితే అంత బ్రేకు. స్కీ తోకని బయటికి నెట్టి వేగం పట్టుకోవడమనే పద్ధతిని 1890ల్లో ఆస్ట్రియాలో మథియాస్ జ్డార్స్కీ అనే ఆయన నిటారు ఆల్ప్స్ వాలుల కోసం తీర్చిదిద్దాడు. నార్వే కొండలకి సరిపోయిన పాత పద్ధతి అక్కడ చాల్లేదు మరి.

మంచు మీద

ఏటవాలు కూడా సరిగా తెలియనంత తక్కువ వాలున్న చోటు వెతుక్కోండి. కింద తనంతట తాను చదునయ్యే వాలయితే మరీ మంచిది. స్టిక్స్ పక్కన పడేయండి. చేతిలో ఉంటే మీరు వాటి మీద ఆనుకుంటారు. స్కీలు వాలుదారికి అడ్డంగా పెట్టి, మెట్లెక్కినట్టు పక్కపక్కగా పది అడుగులు పైకి ఎక్కండి. పైన చిన్న చిన్న అడుగులతో కిందివైపు తిరిగి, తిరుగుతూనే పెంకుటింటి కప్పు వేసేయండి. ముక్కుల మధ్య జానెడు దూరం ఉంచండి. అవి ఒకదానిమీద ఒకటెక్కి కత్తెర పడితే మీరు ముందుకు బోర్లా పడతారు. మోకాళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబడటం తేలిక గానీ సాయంత్రానికి వాటి లోపలి వైపు సలుపుతుంది. కాబట్టి మోకాళ్లు ఎడంగానే ఉంచి, పాదాల లోపలి అంచు మీద బరువు వేయండి.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. అసలు గొడవంతా తర్వాతి రెండు సెకన్లలో ఉంది.

స్కీలు కదలగానే ఒళ్లు తనంతట తాను వెనక్కి వాలుతుంది. మెట్ల మీద కాలు జారినప్పుడు, బైక్ వెనక సీట్లో కూర్చుని సడన్‌గా స్పీడ్ పెరిగినప్పుడు ఏం చేస్తామో అదే. కానీ వెనక్కి వాలితే బరువంతా స్కీ తోకల మీద పడుతుంది. బరువు మోస్తున్న తోకని పక్కకి నెట్టడం ఎవరి తరమూ కాదు. అంటే భయపడి వెనక్కి వాలిన క్షణంలోనే బ్రేకు పోయింది. ముక్కులు తేలిపోయి వాటిష్టం వచ్చినట్టు తిరుగుతాయి. స్పీడ్ పెరుగుతుంది, భయం పెరుగుతుంది, ఇంకా వెనక్కి వాలతారు.

నా మొదటి రోజు ఇలాగే అయింది. మా ఉస్తాద్ కింద నిలబడి "ఆగే ఝుకో, ఆగే!" (ముందుకి వంగు, ముందుకి!) అని అరుస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చుని, చేతులు రెండూ గాల్లోకెత్తి, ఆయన్ని దాటుకుని పోయాను. నాకు ఎదురుగా ఒక కుటుంబాన్ని చెక్క స్లెడ్జ్ మీద లాక్కొస్తున్న పెద్దాయన పక్కకి గెంతాడు. ఆయన వెనక కహ్వా, అంటే కుంకుమపువ్వు వేసిన కాశ్మీరీ టీ, అమ్ముతున్న కుర్రాడు గెంతలేకపోయాడు. ఫ్లాస్కు మంచులో దొర్లింది, కాగితం గ్లాసులు గాలికి పోయాయి. కుంకుమపువ్వు రంగు మరక తెల్లటి మంచు మీద ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఆవేళ చూశాను. మొత్తం ఫ్లాస్కు డబ్బులిచ్చి, మిగిలిన అరగ్లాసు నేనే తాగాను.

తర్వాత ఉస్తాద్ ఒక పని చేశాడు. తన గ్లవ్ ఒకటి తీసి, నా బూటు నాలుకకీ నా మోకాలి కింద ముందువైపు ఎముకకీ మధ్య దూర్చాడు. "ఇది కింద పడకూడదు, చాలు" అన్నాడు. పెంకుటిల్లు, అంచులు, ముక్కులు అన్నీ మర్చిపొమ్మన్నాడు. ఆ గ్లవ్ నొక్కి పట్టాలంటే చీలమండ మడవాలి, మోకాలు ముందుకు రావాలి, ఒళ్లు లోయవైపు వంగాలి. నొక్కాను. తోకలు తేలికపడ్డాయి, నెడితే కదిలాయి. ఆరేడు గజాలు జారి ఆగాను. ఆగినచోట ఒక నిమిషంపాటు కదల్లేదు, నమ్మకం కుదరక.

మీరూ గ్లవ్‌తో చేయండి. ముందుకి వంగడమంటే నడుం దగ్గర వంగి మంచుని చూడటమని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే పిరుదులు వెనక్కిపోయి బరువు మళ్లీ తోకల మీదికే చేరుతుంది. వంగాల్సింది చీలమండ. చూపు పది గజాల ముందు. చేతులు కూరగాయల సంచులు రెండు పట్టుకున్నట్టు, కానీ కాస్త ముందుకి.

ఇరవై సార్లు ఎక్కండి, ఇరవై సార్లు ఆగండి. వరసగా పదిసార్లు అనుకున్నచోట ఆగగలిగితే ఇవాళ్టికి పాసైనట్టు.

పడితే

పడతారు. తప్పదనిపించినప్పుడు కొండవైపు పక్కకి కూర్చోండి. చేతులు వెనక్కి ఆనించకండి, మణికట్టు పోతుంది. ఇంకా జారుతుండగానే లేవబోవద్దు, మోకాలి లోపలి లిగమెంట్లు తెగేది అలాంటప్పుడే. పూర్తిగా ఆగాక స్కీలని మీకంటే కిందివైపుకి, వాలుదారికి అడ్డంగా తెచ్చుకోండి. పిరుదులు స్కీలకి దగ్గరగా జరిపి, కొండవైపు చేత్తో మంచుని నెట్టి లేవండి. అడ్డంగా పెట్టకుండా లేస్తే, లేచిన మరుక్షణం మళ్లీ ప్రయాణం మొదలవుతుంది. అస్సలు లేవలేకపోతే పైవైపు స్కీ ఊడదీసి, ఒక మోకాలి మీద లేచి మళ్లీ తొడుక్కోండి. సిగ్గేం లేదు.

మూడో రోజుకి గొండోలా (కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు) ఎక్కాలనిపిస్తుంది. చూడ్డానికైతే తప్పకుండా వెళ్లండి, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని. మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వాట్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్లు. స్కీలు మాత్రం హోటల్లో వదిలి వెళ్లండి. పైనున్న వాలుల్లో చాలా భాగం యంత్రంతో చదును చేసినవి కావు, ఆగడం ఒక్కటే వచ్చినవాళ్ల చోటు కాదది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. వాళ్లు మనలాగా మొన్న నేర్చుకున్నవాళ్లు కారు.

సాయంత్రం హోటల్లో

అద్దె బూట్లని కొట్లో వదిలేయకండి, గదికి తెచ్చుకోండి. రాత్రంతా చలిలో ఉన్న ప్లాస్టిక్ పొద్దునకి చెక్కలా బిగుసుకుంటుంది. బకిల్ పట్టదు, చీలమండ వంగదు, గ్లవ్ పాఠమంతా వృథా. గదిలోకి రాగానే లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగి విడిగా ఆరబెట్టండి. బుఖారీ పక్కన మాత్రం పెట్టకండి. బుఖారీ అంటే కట్టెలు వేసే రేకు పొయ్యి, గొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. దాని పక్కన పెట్టిన లైనర్ ముడుచుకుపోతే కొత్త బూటు ఖరీదు కట్టాలి. పొడి న్యూస్‌పేపర్ నలిపి లోపల కుక్కి, గంటకోసారి మార్చండి. పొద్దున తొడుక్కునేటప్పుడు లైనర్ నాలుక మడత పడలేదని వేలు పెట్టి చూసుకోండి. చిన్న మడత చాలు, గంటలో ముందు ఎముక ఎర్రగా కందిపోతుంది.

బుఖారీ విషయంలో ఇంకొకటి. గది బాగా వెచ్చబడ్డాక ఆర్పించి పడుకోండి. తలుపులన్నీ మూసి మండుతున్న పొయ్యితో నిద్రపోతే ఊపిరాడక ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. రాత్రికి ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉంటుంది, కరెంటు పోతే రెండో రజాయి అడగండి. బాత్రూం కుళాయి సన్నగా కారుతుంటే ఆ రాత్రికి అలాగే వదిలేయండి, పైపులో నీళ్లు గడ్డకట్టకుండా వాళ్లు చేసిన ఏర్పాటది. నేను మొదటిరోజు నీళ్లు వృథా అని గట్టిగా కట్టేసి, పొద్దున ముఖం కడుక్కోడానికి కింది వంటింట్లో బకెట్ అడుక్కున్నాను.

మధ్యాహ్నాలు స్కీయింగ్ వద్దనిపిస్తే నడవండి. గుల్మార్గ్ చుట్టూ దేవదారు చెట్ల మధ్య పదకొండు కిలోమీటర్ల వలయం దారి ఉంది. చలికాలం పూర్తిగా తిరగలేకపోయినా తొక్కి గట్టిపడినంత మేర వెళ్లి రావొచ్చు. 4 గంటలకల్లా వెనక్కి తిరగాలి. ఎండకి కరిగిన నీళ్లు అప్పటికి గాజులా పేరుకుంటాయి. అక్కడ చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి కింద పెట్టడం, చేతులు జేబుల్లోంచి బయటికి. బయటి రాష్ట్రాల్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదని మొదటి పాఠంలో చెప్పాను, నడకకి ఒంటరిగా వెళ్లేవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాను. పోస్ట్‌పెయిడ్ ఉన్న ఒక్కరైనా వెంట ఉండాలి.

ఇంటిపని

గచ్చు మీద మడమలు నెట్టడం ఇరవై సార్లు. గోడకి వీపు ఆనించి కుర్చీలా కూర్చోవడం, ముప్పై సెకన్లతో మొదలుపెట్టి నిమిషంన్నర దాకా. అపార్ట్‌మెంట్ మెట్లు పక్కకి తిరిగి ఎక్కడం, రెండంతస్తులు, రెండు వైపులా. వచ్చే పాఠంలో పెంకుటింటి కప్పుని ఒకవైపు మాత్రమే గట్టిగా నొక్కితే ఏమవుతుందో చూద్దాం. కుడికాలు నొక్కితే ఎటు తిరుగుతారో ఇప్పుడే ఊహించి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. నేను రాసింది తప్పయింది.