తోతాపురి సీజన్‌కు ముందే: పాత బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి రూల్స్ రాబట్టేవాళ్లకు జాగ్రత్తలు

జూన్‌లో మామిడి లారీలు గేటు ముందు బారులు తీరాక ఈ పని పెట్టుకోవద్దు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలో డాక్యుమెంటేషన్ లేని ఫాక్స్‌ప్రో (పాతకాలపు డేటాబేస్ భాష) బిల్లింగ్ ప్రోగ్రాం ఉంటే, టూల్‌తో దాని స్పెసిఫికేషన్ (అది పాటించే రూల్స్ జాబితా) తీసే ముందు ఇవి చూసుకోండి.

– నడుస్తున్న ఈఎక్స్‌ఈ (కంపైలైన ప్రోగ్రాం ఫైల్) ఫోల్డర్‌లో ఉన్న సోర్స్ కోడ్ నుంచే వచ్చిందని నమ్మకండి. మళ్లీ కంపైల్ చేసి, పాత బిల్లులు రెండింట్లోనూ వేసి పోల్చండి. తేడా వస్తే మీరు తీసేది వేరే ప్రోగ్రాం స్పెసిఫికేషన్. మాకు మూడు వారాలు ఇలాగే పోయాయి.

– ట్రేస్‌లో (ప్రోగ్రాం నడుస్తుండగా తీసిన విలువల రికార్డులో) సీజన్ రోజులు ఉండాలి. డైకాన్ లాంటి రూల్స్ రాబట్టే టూల్స్ కళ్లబడిన డేటా నుంచే నియమాలు ఊహిస్తాయి. జనవరి బిల్లులే ఇస్తే 'తరుగు ఎప్పుడూ సున్నా' అనేస్తాయి.

– టూల్‌ను లైవ్ డీబీఎఫ్ (ఫాక్స్‌ప్రో డేటా ఫైల్) మీద నడపొద్దు, కాపీ మీదే.

– బయటికొచ్చేది ప్రోగ్రాం ఏం చేస్తోందో మాత్రమే, ఏం చేయాలో కాదు. కాటా దగ్గరి పెద్దాయనకు చదివి వినిపించండి. ఏది బగ్గో, ఏది రైతులతో కుదుర్చుకున్న లెక్కో ఆయనకే తెలుసు.