మెయిన్‌ఫ్రేమ్ డీబీ2: కనెక్షన్ల గ్రాఫ్ ఎలా గీయాలి, ఎలా చదవాలి

జెడ్/ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడిచే డేటాబేస్ డీబీ2కి బయటి సర్వర్ల నుంచి వచ్చే లోడ్‌ని గ్రాఫ్‌లో చూసేటప్పుడు కనెక్షన్‌నీ థ్రెడ్‌నీ కలిపెయ్యకండి: కనెక్షన్ అంటే అప్లికేషన్ డీబీ2తో పెట్టుకున్న లింకు, థ్రెడ్ అంటే ఆ లింకు మీద వచ్చిన పనిని నిజంగా చేసేది. కనెక్షన్ల హద్దు కాన్‌డీబ్యాట్ అనే సెట్టింగ్, డిఫాల్ట్ 10,000. పనిచేసే థ్రెడ్ల హద్దు మ్యాక్స్‌డీబ్యాట్, డిఫాల్ట్ 200. ఊపిరాడనివ్వనిది దాదాపు ఎప్పుడూ రెండోదే.

ఇప్పటి పరిస్థితికి ఎస్‌డీఎస్ఎఫ్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో కమాండ్లు కొట్టే స్క్రీన్) ‘-డిస్‌ప్లే డీడీఎఫ్ డీటెయిల్’ కొట్టండి; డీడీఎఫ్ అంటే బయటి కనెక్షన్లు చూసుకునే డీబీ2 భాగం. ఏడీబ్యాట్ అంటే ఇప్పుడున్న థ్రెడ్లు, కాన్‌క్యూడ్ అంటే ఈ క్షణం వరసలో నిలబడ్డ కనెక్షన్ రిక్వెస్టులు. క్యూడీబ్యాట్ మాత్రం పేరుకుపోయే లెక్క, డీబీ2 రీస్టార్ట్ అయితేనే సున్నాకొస్తుంది. చాలా డాష్‌బోర్డులు దాన్ని యథాతథంగా గీసేసి, ఎప్పుడూ పైకే పోయే గీత చూపించి అందర్నీ భయపెడతాయి. గీయాల్సింది నిమిషానికీ నిమిషానికీ తేడా. 10:02కి 4,310, 10:03కి 4,372 ఉంటే ఆ నిమిషంలో 62 సార్లు పని థ్రెడ్ కోసం ఆగింది. తేడా మైనస్‌లో వస్తే రీస్టార్ట్ జరిగినట్టు, ఆ నిమిషం లెక్క తీసేయండి.

గ్రాఫ్‌కి డేటా ఎస్ఎంఎఫ్ (సిస్టమ్ తన లెక్కలు రాసుకునే చోటు) టైప్ 100 రికార్డుల్లో, ఐఎఫ్‌సీఐడీ (డీబీ2 ట్రేస్ రికార్డు రకం నంబర్) 1లో ఉంటుంది. ఈ రికార్డులు రాసే స్టాటిస్టిక్స్ ట్రేస్ క్లాస్ 1 నడుస్తోందో లేదో ‘-డిస్‌ప్లే ట్రేస్’తో చూసుకోండి. డీబీ2 10 నుంచి ఇది నిమిషానికోసారి రాస్తుంది. ఏడీబ్యాట్, దాని మీద మ్యాక్స్‌డీబ్యాట్ అడ్డగీత, కింద క్యూడీబ్యాట్ తేడా, పక్కన కమిట్ల (ముగించి ఖాయం చేసిన పనుల) సంఖ్య: ఈ నాలుగూ ఒకే టైమ్ స్కేల్ మీద ఉండాలి. ట్రేస్ హెడర్‌లోని స్టోర్ క్లాక్ (రికార్డు రాసిన టైమ్) యూటీసీలో ఉంటుంది. హైదరాబాద్ నుంచి సపోర్ట్ చేసేవాళ్లు ఐదున్నర గంటలు కలపకపోతే ఉదయం రద్దీ తెల్లవారుజామున కనిపిస్తుంది. డేటా షేరింగ్ (మెంబర్లు అనే చాలా డీబీ2లు ఒకే డేటాని పంచుకోవడం) ఉంటే ఒక్కో మెంబర్‌కి వేరే గీత గీయండి, మొత్తం కూడితే నిండిపోయిన మెంబర్ కనబడదు.

కమిట్లతో పాటే ఏడీబ్యాట్ లేచి దిగితే అది మామూలు రద్దీ. కమిట్లు పెరగకుండా ఏడీబ్యాట్ మెట్లు మెట్లుగా ఎక్కితే థ్రెడ్లు పూల్‌కి (ఖాళీ థ్రెడ్ల గుంపుకి) తిరిగి రావట్లేదు. కమిట్ అయ్యాక థ్రెడ్‌ని పూల్‌కి వదిలే సెట్టింగ్ సీఎంటీస్టాట్ ఇనాక్టివ్‌లో ఉన్నా, కమిట్ చేయని ప్రోగ్రామ్, విత్ హోల్డ్ కర్సర్ (కమిట్ తర్వాతా తెరిచే ఉండేది), కీప్‌డైనమిక్ (సిద్ధం చేసిన ఎస్‌క్యూఎల్‌ని కమిట్ తర్వాతా ఉంచుకునేది) లాంటివి థ్రెడ్‌ని పట్టుకుని ఉంటాయి. హఠాత్తుగా నిటారుగా లేస్తే ముందు లాక్ వెయిట్లు (ఇంకొకరు పట్టుకున్న డేటా కోసం ఆగడాలు) చూడండి. గీత మ్యాక్స్‌డీబ్యాట్ దగ్గర బల్లపరుపుగా నిలిచి, కింద తేడా లేస్తుంటే నిజంగానే నిండిపోయింది.

థ్రెడ్లని ఎవరు పట్టుకున్నారో ‘-డిస్‌ప్లే థ్రెడ్(*) లొకేషన్(*) డీటెయిల్’ ఐపీతో సహా చెబుతుంది. ఆ అప్లికేషన్‌కి ప్రొఫైల్ టేబుల్‌లో (ఒక్కో అప్లికేషన్‌కి హద్దులు రాసుకునే డీబీ2 టేబుల్) థ్రెడ్లకి హద్దు పెట్టే మానిటర్ థ్రెడ్స్ వరస పెట్టి, ముందు మెసేజ్ మాత్రమే ఇచ్చే వార్నింగ్‌తో నడిపి, మెసేజ్‌లు చూశాకే హద్దుని అమలు చేసే ఎక్సెప్షన్‌కి మార్చండి. ‘-స్టార్ట్ ప్రొఫైల్’ కొట్టకపోతే ఆ వరసకి ప్రాణం రాదు. మ్యాక్స్‌డీబ్యాట్ పెంచడం చివరి మాట, అదీ ఐఎఫ్‌సీఐడీ 225లో స్టోరేజ్ చూశాకే: ఒక్కో థ్రెడ్ మెమరీ తింటుంది.