నెలల తరబడి సైన్యం డ్యూటీ చేసి నాన్నో అమ్మో తిరిగొచ్చాక: అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి

బ్యాగు దించీ దించకముందే "వెళ్లు, ముద్దుపెట్టు" అంటూ బిడ్డను చేతుల్లో పెట్టేస్తారు. తంటా అక్కడే మొదలవుతుంది. 8 నెలలు దాటేసరికి కొత్తవాళ్లంటే బెదరడం పసివాళ్లకు సహజం. నెలల తరబడి ఫోన్‌లో మాత్రమే చూసిన మనిషి ఒంటి వాసన, ఎత్తు, పట్టు అన్నీ వాళ్లకు కొత్తే. బిడ్డ ఏడిస్తే ఆ మనిషి అక్కర్లేదని కాదు. ఈ మాట వచ్చే మనిషికి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మనసు చిన్నబుచ్చుకుని తామే పక్కకు తప్పుకుంటారు.

మొదటి వారం వచ్చినవారు బిడ్డకు రెండు మూడడుగుల దూరంలో నేలమీద కూర్చుని, బొమ్మలతో తమ మానాన తాము ఆడుకోవాలి. పిలవొద్దు, తదేకంగా చూడొద్దు. బొమ్మ అందించడానికి బిడ్డే వస్తుంది. రోజూ ఒకే వేళకు 10, 15 నిమిషాలు చాలు. ఫోన్ పక్కగదిలో ఉండాలి. ఆట బిడ్డ చెప్పినట్టు సాగాలి, అక్షరాలు దిద్దించడానికి అది సమయం కాదు.

తర్వాత ఒక్క పని అప్పగించండి, స్నానం అనుకుందాం. మూడు నాలుగు రోజులు ఇంటివారు పక్కనే ఉండాలి, ఆపైన గుమ్మం దగ్గర, ఆపైన బయట. నిద్రపుచ్చడం అన్నిటికన్నా చివర. ఇక్కడ అడ్డుపడేది ఎక్కువగా ఇన్నాళ్లూ ఇల్లు నెట్టుకొచ్చినవారే. డైపర్ వంకరగా వేశారని లాక్కుంటే, ఈ మనిషికి చేతకాదని బిడ్డకు నేర్పినట్టే. వంకర డైపర్‌తో కొంపేమీ మునగదు.

వచ్చినవారు నెలరోజులపాటు కొత్త నియమాలు పెట్టకూడదు, ఉన్నవాటినే పాటించాలి. బిడ్డ పడుకునే చోటు మార్చాలనుకుంటే రాకకు కొన్ని వారాల ముందే మార్చండి, కుదరకపోతే వచ్చాక కొన్ని వారాలు ఆగండి. వచ్చిన రాత్రే మారిస్తే తన చోటు లాగేసుకున్నారని బిడ్డ అనుకోవచ్చు.

మానేసిన పక్క తడపడం, వేలు చీకడం మళ్లీ మొదలవచ్చు. తిట్టకండి. మూడు నాలుగేళ్ల పిల్లలు తమ అల్లరివల్లే నాన్నో అమ్మో వెళ్లిపోయారనుకోవచ్చు. "పనిమీద వెళ్లాను, నువ్వు చేసినదాని వల్ల కాదు" అని ఒకటికి పదిసార్లు చెప్పాలి. దుకాణానికి వెళ్లినా చెప్పే వెళ్లాలి, చాటుగా జారుకోవద్దు. గంటలు వాళ్లకు అర్థం కావు కాబట్టి "నువ్వు నిద్ర లేచేసరికి వస్తా" అనండి, అన్నట్టే రండి.

వచ్చినవారు పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి అరిస్తే, బిడ్డకు "శబ్దానికి భయపడ్డాను, నీమీద కోపం కాదు" అని చెప్పి, రెండు నిమిషాలు పక్కగదికి వెళ్లి తిరిగి రావాలి. తిరిగి రావడమే ముఖ్యం. నిద్రపోతున్నవారిని తట్టి లేపకుండా, దూరం నుంచి పేరుపెట్టి పిలవండి.

చుట్టాలు, ఇరుగుపొరుగు మొదటి వారం గుంపుగా రాకపోవడమే పెద్ద సాయం. వండింది ఇచ్చేసి వెళ్లండి. లేదా పెద్దబిడ్డను రెండు గంటలు ఆడించండి. పిల్లల ముందు "అక్కడ ఏం జరిగింది" అని మాత్రం అడగకండి.

వచ్చినవారిలో పీడకలలు, కోపం, తాగుడు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. వచ్చిన మాటలు బిడ్డ మరిచిపోతుంటే నెల ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. వచ్చినవారి నోట తమనో ఇంట్లోవాళ్లనో ఏమైనా చేసేస్తానన్న మాట వినిపిస్తే, అదే రోజు సాయం పిలవాలి.