మూసీ మలుపు దగ్గర ఏటి పని చూడడం ఎలా

20 ఏళ్లుగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను. నది నేలను ఎలా మలుస్తుందో పుస్తకంలో బొమ్మ చూపిస్తే వాళ్లకు ఎక్కదు. అందుకే ఎండాకాలం నీళ్లు సన్నబడ్డాక మూసీ ఒడ్డుకు తీసుకుపోతాను. అనంతగిరిలో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఏరు ఇది.

ముందు ఏరు వంకర తిరిగే చోటు వెతకండి. బయటి ఒడ్డును నీళ్లు వడిగా కోస్తాయి. చెట్ల వేర్లు గాలిలో వేలాడుతుంటాయి. లోపలి ఒడ్డున వడి తగ్గి ఇసుక మేట వేస్తుంది. కోత ఒడ్డు కింద నిలబడొద్దు, విరిగిపడుతుంది.

గుప్పెడు ఇసుక అరచేతిలో పరచండి. మన నల్లగొండ గుట్టలు ఎక్కువగా గ్రానైటే. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వానలకు మెత్తబడి బంకమట్టి అవుతుంది. గట్టి క్వార్ట్జ్ పలుకులే ఇసుకగా మిగులుతాయి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, హైదరాబాద్ పట్నం మురుగంతా ఈ ఏట్లోనే వస్తుంది.

గులకరాళ్ల దగ్గర తొందరపడకండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బిళ్లల్లాంటి రాళ్లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. వాటి కిందికి వాలిన అంచు ఎటుంటే, వరద అటునుంచే వచ్చింది. ఏరు పూర్తిగా ఎండినా ప్రవాహం దిక్కు ఇలా చెప్పొచ్చు.

మృగశిరకు ముందే కోత ఒడ్డు అంచు నుంచి నేల వైపు 10 అడుగుల దూరంలో ఒక గుంజ పాతండి. దసరా సెలవుల్లో, వరద తగ్గాక, గుంజ నుంచి అంచు దాకా మళ్లీ టేపు పెట్టండి. నిరుడు మాకు 8 అడుగులే మిగిలింది. మా తాత నాటిన చింతచెట్టు ఉన్న చోట ఇప్పుడు నీళ్లు పారుతున్నాయి.